రెండు సూదుల కుట్టు

ఆగస్టు 5, 1990. ఆదివారం

ఈ పచ్చ అట్ట డైరీ కొత్త సంవత్సరానికి కఫీల్, అంటే మా బిల్డింగు యజమాని, ఇచ్చాడు. ఇన్నాళ్లూ పెట్టెలోనే పడి ఉంది. ఈ రోజు బయటికి తీశాను. కఫీల్ తిరిగొచ్చి, "గంగులయ్యా, నేను లేనప్పుడు బిల్డింగులో ఏం జరిగింది?" అని అడిగితే నోటితో చెప్పలేను. అరవై మూడేళ్లు, మతిమరుపు వస్తోంది. అందుకని రాస్తున్నాను. ఇది బిల్డింగు రిపోర్టు. ఇంకేమీ కాదు.

నేను పెద్దగా చదువుకోలేదు. నలభై ఏళ్లొచ్చాక వయోజన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు తప్పుతాయి. తప్పితే తప్పుతాయి.

గురువారం పొద్దున ఇరాక్ సైన్యం వచ్చింది. కువైట్ ఇక లేదంటున్నారు. అబూ హలీఫాలో మా బిల్డింగు మాత్రం ఉంది. నాలుగు అంతస్తులు, పన్నెండు ఇళ్లు, ఆరు నీళ్ల ట్యాంకులు. తాళం చెవులన్నీ నా దగ్గరే ఉన్నాయి. వాచ్‌మన్ ఉన్నంతవరకు బిల్డింగు ఉన్నట్టే.

ఆగస్టు 7

నా పెళ్లాం రెడ్డెమ్మ వచ్చేసింది. ఫహాహీల్ నుంచి నడిచి వచ్చింది, తల మీద బియ్యం మూటతో. ఆమె పనిచేసే ఇంటివాళ్లు సౌదీకి కారెక్కారట. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, కారు అద్దం దించి, "రెడ్డెమ్మా, గేటు వెయ్యి" అన్నదట. పదకొండేళ్లు వండి పెట్టినందుకు అదే చివరి మాట.

"గేటేసినావా?" అన్నాను.

"ఏసినా. ఏసి, ఆమె బియ్యం మూట నేను ఎత్తుకొచ్చినా. సరికి సరి."

పదకొండేళ్లలో మేమిద్దరం ఒక ఇంట్లో వరసగా రెండు రోజులు లేము. శుక్రవారం వచ్చి పోయేది. ఇప్పుడు నా మెట్ల కింది గదిలో ఎటు తిరిగినా ఆమే. ఇబ్బందిగా ఉంది. వంట మాత్రం బాగుంది.

ఆగస్టు 17. శుక్రవారం

అమెరికావాళ్లు, ఇంగ్లండువాళ్లు అందరూ హోటలుకు రావాలని హుకుం. పన్నెండో ఇంటి ఇంగ్లండాయన పెట్టె సర్దుకుని తనంతట తనే పోయాడు. అక్కడి నుంచి బస్సు ఎక్కించి ఎక్కడికో తీసుకుపోయారట. బాంబులు పడే చోట కూర్చోబెడతారని అన్వర్ బాషా చెప్పాడు. బాషా మా కింద బకాలా, అంటే సరుకుల కొట్టు, నడుపుతాడు. కడపవాడు. వాడికి తెలియని కబురు ఉండదు. సగం అబద్ధం, సగం నిజం. ఇది నిజంలాగే ఉంది.

పదకొండో ఇంటి బెన్ పోలేదు.

ఆగస్టు 18

బెన్ గురించి రాయాలి. ఆయిల్ కంపెనీలో బాయిలర్ మెకానిక్. మా బిల్డింగులో ఎనిమిదేళ్లు. పొట్టివాడు, నా రంగే, నా వయసుకు నాలుగేళ్లు తక్కువ. పెళ్లాం పోయింది. అమెరికావాడంటే ఎవరూ నమ్మరు. వాళ్లది గ్వామ్ అనే దీవి. పసిఫిక్ సముద్రం నడిమధ్యలో ఉందట. "దీవి అమెరికాది గంగులూ, నేను కాదు" అంటాడు. పాస్‌పోర్టు మాత్రం అమెరికాది. ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డులో కూడా అదే రాసి ఉంది. ఫిలిప్పీనోనని చెప్పుకోవచ్చు కదా అన్నాను. కాగితం అడిగితే ఏం చూపాలి అన్నాడు.

మా ఇద్దరి మాట సైటు ఇంగ్లీషు, కొంచెం అరబ్బీ, మిగతాది చేతులు. ఇక్కడ తెలుగులోనే రాస్తాను.

రెండో అంతస్తులో ఏడో నంబరు ఈజిప్టు మాస్టారిది. సెలవులకు కైరో పోయారు. తాళం చెవి నా దగ్గర ఉంది. బెన్‌ను ఆ ఇంట్లో పెట్టి బయట తాళం వేశాను. తాళం మీద గోధుమ పిండి, దుమ్ము కలిపి చల్లి, ఊది, గుడ్డతో ఒక్కసారి అద్దాను. నెల రోజులుగా ఎవరూ ముట్టనట్టు కనిపిస్తోంది. పాతికేళ్ల వాచ్‌మన్ కూడా గుర్తుపట్టలేడు. నేను పదిహేనేళ్ల వాచ్‌మన్‌ని. నేనే గుర్తుపట్టలేదు.

ఏడో నంబరు వంటగది కిటికీ గాలి కోసం వదిలిన సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందు అడుగున మేము అంట్లు తోముకునే చోటు. బకెట్టుకు తాడు కట్టాం. పగలు రెండు గంటలకు సైనికులు అన్నాలు తింటారు. అప్పుడు మన బకెట్టు పైకి పోతుంది.

కఫీల్‌కు ఈ పుస్తకం చూపించకూడదు. ఎవరికీ చూపించకూడదు.

ఆగస్టు 26

విదేశీయుణ్ణి దాచినవాణ్ణి ఉరి తీస్తారని రేడియోలో చెప్పారు. రెడ్డెమ్మకు చెప్పాను. ఆమె బకెట్టులో సంగటి ముద్ద, పప్పు పెడుతోంది.

"ఇంటివా?"

"ఇన్నాలే. బెన్నయ్యకు కారం తగ్గించినా. మొన్న కడుపునొప్పి అనె."

ఆగస్టు 30

పైనుంచి బకెట్టులో గిన్నెలతో పాటు ఒక బంతి దిగింది. తోలు బంతి. చాలా పాతది. తోలు ఎండి పగిలిపోయి కుట్లు ఊడి వేలాడుతున్నాయి. వెంట చీటీ లేదు. పైకి చూశాను. బెన్ కిటికీలోంచి తల బయటికి పెట్టి మెల్లగా, "గంగులూ, గోడకేసి కొట్టాను. ఊడిపోయింది. ఎవరైనా కుట్టేవాళ్లు ఉన్నారా?" అన్నాడు.

"యుద్ధంలో బంతులు కుట్టేవాడు యాడ దొరుకుతాడు?" అన్నాను.

గదిలోకి తెచ్చి చూశాను. రెండు తోలు ముక్కలు, రెండూ ఒకే ఆకారం, నడుము సన్నగా ఉన్న బొమ్మల్లా. ఒకదాన్నొకటి చుట్టుకుని గుండ్రమవుతాయి. రంధ్రాలు లెక్కపెట్టాను. అంచుకు నూట ఎనిమిది. రెడ్డెమ్మకు చెబితే, "జపమాల పూసలన్ని" అంది.

చెడ్డ కుట్టు కాదు. రెండు సూదుల కుట్టు. ఎవడో పనిమంతుడు.

సెప్టెంబర్ 1

ఈ మాట ఎక్కడా రాయలేదు. మా నాయన తోలు పని చేసేవాడు. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నేనూ చేశాను. మా నాయన కుట్టిన చెప్పులేసుకుని మా ఊరంతా నడిచేది. ఆయన ముట్టిన నీళ్లు మాత్రం తాగేది కాదు. ఆ తర్వాత మేస్త్రీల కింద ఇసుక మోశాను, సున్నం కలిపాను. కువైట్‌కు బయల్దేరేటప్పుడు తోలు కుట్టే ఆరెను పెరట్లోకి విసిరేశాను. ఇక్కడ అందరికీ నేను రాజంపేట మేస్త్రీని. ఎవడూ రెండో ప్రశ్న అడగలేదు. మేస్త్రీలాగే నడిచాను, మేస్త్రీలాగే మాట్లాడాను.

ఆరె లేదు కాబట్టి బంతి కుట్టలేను. రేపు బకెట్టులో వెనక్కు పంపేస్తాను.

సెప్టెంబర్ 2

బంతి వెనక్కు పంపలేదు.

బెన్‌ను అడిగాను, ఇంత పాత బంతి మీద అంత ప్రేమ ఏంటని. గోడకు వీపు ఆనించి కిటికీ పక్కన కూర్చుని చెప్పాడు. నేను కింద గిన్నెలు తోముతున్నట్టు కూర్చుని విన్నాను.

వాళ్ల తాత రోజుల్లో అమెరికా నేవీవాళ్లు ఆ దీవిలో దిగారట. సాయంత్రం పూట మైదానంలో ఒకడు బంతి విసిరితే ఇంకొకడు గుండ్రటి కర్రతో కొట్టేవాడు. కొట్టి పరుగు. క్రికెట్టులాంటిదే, వికెట్లు లేవు. మా బిళ్లంగోడుకూ దానికీ కూడా ఏదో చుట్టరికం ఉన్నట్టుంది. పేరు బేస్‌బాల్. ఊరి కుర్రాళ్లు కంచె బయట నిలబడి చూసేవాళ్లు. బంతి కంచె దాటితే తెచ్చిచ్చేవాళ్లు. ఒకరోజు నేవీవాళ్లకు ఒక మనిషి తక్కువయ్యాడు. కంచె బయట నిలబడ్డ బెన్ తాతను రమ్మన్నారు. ఆయన చెప్పులు కూడా లేకుండా ఆడాడు.

"మీ తాత ఏం పని చేసేవాడు?" అన్నాను.

"దున్నపోతుల తోళ్లు ఒలిచి, ఊరబెట్టి, కుట్టేవాడు" అన్నాడు బెన్.

గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

సెప్టెంబర్ 3

మిగతాది చెప్పమన్నాను. నేవీ ఓడ రెండు మూడు నెలలకు ఒకసారి వచ్చేదట. బంతి చిరిగితే ఓడ వచ్చేదాకా ఆట లేదు. బెన్ తాత చిరిగిన బంతిని విప్పి, ముక్కలు చూసి, దున్నపోతు తోలుతో అచ్చం అలాంటిదే కుట్టాడు. లోపల పనస జాతి చెట్టు పాలు గడ్డకట్టించి, దాని మీద కొబ్బరి పీచు, దాని మీద ఊలు దారం. నేవీవాళ్లు దాన్ని చేతిలో ఎగరేసి చూసి తమ బంతులు పక్కన పడేశారట. తర్వాత ఊరూరా జట్లు పుట్టాయి. ఆదివారం చర్చిలో పూజ అవగానే ఎడ్లబండ్లు కట్టుకుని జనం ఆటకు పోయేవాళ్లు. ఫాదరు కూడా పూజ తొందరగా ముగించేవాడట. ముడి కనపడని బెన్ తాత బంతి అయితేనే ఆడతామనేవాళ్లట కుర్రాళ్లు.

"పెద్దవాళ్లు ఏమనేవాళ్లు?"

"ఏమంటారు? ఊరి పెద్ద వచ్చి మా తాత చెయ్యి పట్టుకుని ఊపాడు. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాడు."

నమ్మబుద్ధి కాలేదు. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే చెప్పాడు.

సెప్టెంబర్ 4

ఆరె దొరికింది. రెడ్డెమ్మ ట్రంకు పెట్టె అడుగున, పాత చీర మడతలో. ఇప్పటికీ నూనె రాసి ఉంది.

"ఇది యాడిది?" అన్నాను.

"నువ్వు పారేసినావు. నేను ఏరుకున్నా."

"ఎందుకు?"

"మీ నాయనది కదా. నీకు సిగ్గైతే నాకేం సిగ్గు?"

ఆరె మొన వేలితో చూశాను. ఆమెకు వంట పని ఉంది.

సెప్టెంబర్ 8

బంతికి కొత్త తోలు కావాలి. పాత తోలు ముక్కలు కొలతకు మాత్రమే పనికొస్తాయి. రంజాన్ పండక్కి కఫీల్ ఇచ్చిన చెప్పులు ఉన్నాయి, మంచి ఒంటె తోలు, ఒక్కసారి కూడా వేసుకోలేదు. నేను చచ్చిపోతే పాడె మీద వేయమని రెడ్డెమ్మకు చెప్పి ఉంచాను. ఎడమది విప్పాను.

కళ్లు సరిగా ఆనడం లేదు. రోజుకు నాలుగైదు కుట్లు వేస్తున్నాను. తొందర ఎవరికి?

సెప్టెంబర్ 21. శుక్రవారం

మా పేర్లు వచ్చాయి. బస్సులో బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్, అక్కడి నుంచి విమానం. మన మనుషుల జాబితా రాసేది ఐదో నంబరు బుల్లిరాజు. కోనసీమ మనిషి, క్రేను డ్రైవరు. ప్రతి శుక్రవారం మా గదికి వచ్చి రెడ్డెమ్మ చేతి టీ తాగందే ఆయనకు పొద్దు పోదు.

"గంగులయ్యగారూ, మీ ఇద్దరి పేర్లూ పైకి రాయించేశానండీ. ఎల్లుండి బస్సండీ. సామాను ఓ సంచీకి మించకూడదండోయ్."

"నేను రాను" అన్నాను.

"అదేంటండీ బాబూ! ఊళ్లో అందరూ వెళిపోతుంటే మీరేం చేస్తారండీ ఇక్కడ?"

"తాళాలున్నాయి. కఫీల్‌కు అప్పగించి పోవాల."

ఇదే నిజం. పన్నెండు ఇళ్ల తాళాలు. మనిషికి బాధ్యత ఉండాలి. నేను బిల్డింగు కోసమే ఉంటున్నాను.

రెడ్డెమ్మను పొమ్మన్నాను.

"నువ్వు సంగటి కెలుకుతావా? ఉప్పెంతో తెలుసునా నీకు? కూకో" అంది.

అక్టోబర్ 4

బంతి అయిపోయింది. చివరి ముడి మా నాయన వేసే ముడి, దారం కొనను కుట్టు కిందికి తిప్పి తోలు లోపలికి లాగేది. బయటికి ముడి కనపడదు. తోలును తడిపి కుట్టాను కాబట్టి నీడలో ఆరాలి. కిటికీ గట్టు మీద పెట్టాను. రేపటికి గట్టిపడుతుంది. రేపు బకెట్టులో పైకి.

అక్టోబర్ 5. శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున తొమ్మిదికి బాషా కొట్టు ముందు ఖుబ్జ్ రొట్టెల కోసం ఇరవై మంది లైనులో ఉన్నారు. బుల్లిరాజు కూడా ఉన్నాడు. జీపు ఆగింది. ఒక ఆఫీసరు, ముగ్గురు సైనికులు. ఆఫీసరు నా కిటికీ దగ్గర ఆగాడు. బంతి తీశాడు.

తప్పు నాది. తడి తోలును కిటికీ గట్టు మీద ఆరబెట్టడం మా నాయన అలవాటు, మా తాత అలవాటు. ఇంటి ముందు వీధి వీధంతా చూస్తుండగా ఆరబెట్టేవాళ్లం. ముప్పై అయిదేళ్ల తర్వాత పని చేస్తే చెయ్యి పని ఒక్కటే గుర్తు పెట్టుకోలేదు, ఆరబెట్టే చోటు కూడా గుర్తు పెట్టుకుంది.

ఆఫీసరు బంతిని వేళ్లతో సరిగ్గా పట్టుకున్నాడు. చదువుకున్నవాడు. "ఇది అమెరికా ఆట బంతి. అమెరికావాడు ఎక్కడ?" అన్నాడు అరబ్బీలో.

"పదకొండో నంబరులో ఉండేవాడు. పోయాడు."

"బంతి తడిగా ఉంది. పోయినవాడు తడిపాడా?"

"నేను తడిపాను. నేను కుట్టాను."

"నువ్వు వాచ్‌మన్‌వి."

"తోలు పని నాది."

ఆఫీసరు బాషా వైపు తిరిగాడు. "ఇతను చెప్పులు కుట్టేవాడా?"

పాపం బాషాకు ఏం తెలుసు? నన్ను కాపాడుతున్నాననుకుని ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "లేదు సార్, వాచ్‌మన్. ఊళ్లో పెద్ద మేస్త్రీ సార్. మర్యాదస్తుడు" అన్నాడు.

ఆఫీసరు నవ్వాడు. "అబద్ధమైతే ఈ బిల్డింగులో ప్రతి తలుపూ పగలగొడతాను. దొరికినవాణ్ణీ నిన్నూ ఇక్కడే ఈ గేటు దగ్గరే" అన్నాడు. మిగతాది చేత్తో చూపించాడు. ఒక సైనికుణ్ణి ముందుకు పిలిచాడు. వాడి కుడి బూటు అడుగు నోరు తెరుచుకుని ఉంది. "కుట్టు" అన్నాడు.

లైనులో ఇరవై మంది. బుల్లిరాజు. బాషా. పదిహేనేళ్లు నాకు నమస్కారం పెట్టినవాళ్లు.

"రెడ్డెమ్మా, ఆరె తే" అన్నాను.

ఆమె నూనె రాసి తెచ్చింది. దారం, మైనం, రెండు సూదులు. ముందే చేతిలో పట్టుకుని నిలబడిందేమో, పిలిచిన మాట పూర్తి కాకముందే వచ్చింది. నేల మీద కూర్చున్నాను. బూటును రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని, పాదంతో అదిమి, మా నాయన కూర్చున్నట్టే కూర్చున్నాను. ఆరెతో పొడిచి, ఇటు సూది అటు, అటు సూది ఇటు. పళ్లతో దారం పట్టి లాగాను. ఇలా కూర్చోకూడదనే నేను సముద్రం దాటాను.

ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. అదొక్కటి గర్వంగానే రాసుకుంటున్నాను.

ఆఫీసరు బూటు తీసుకుని రెండు చేతులతో చీల్చబోయాడు. రాలేదు. మళ్లీ లాగాడు. రాలేదు. సైనికుడు బూటు వేసుకుని నేలకేసి తన్ని నవ్వాడు.

అయినా ఆఫీసరు జేబులోంచి కత్తి తీసి బంతిని నడిమికి కోశాడు. లోపల ఏదైనా కాగితం దాచాననుకున్నాడు. దారాలు, పీచు. అంతే. రెండు చెక్కలూ నా ముందు పడేసి జీపు ఎక్కాడు.

ఎవరూ తలుపులు పగలగొట్టలేదు.

అక్టోబర్ 5, మళ్లీ

రొట్టెల లైను మళ్లీ కదిలింది. ఎవరూ నాతో మాట్లాడలేదు. బాషా కొట్టు లోపలికి పోయి, బయటికి వచ్చి, మళ్లీ పోయి, మళ్లీ వచ్చాడు. చివరికి నా ముందు నిలబడి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"గంగులన్నా."

"చెప్పు. ఏమంటావో అను."

"పదిహేనేండ్లు. నా చెప్పులు తెగిన ప్రతిసారీ నేను ఎండలో బస్సెక్కి ఫహాహీల్ దాకా పోయి కుట్టించుకొస్తి. నువ్వు ఇదే గేటు కాడ కూకోని, 'పోయిరా బాషా' అంటివి. మనిషివేనా నువ్వు?"

రెడ్డెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు.

బుల్లిరాజుకు టీ పోసి ఇచ్చింది. ఆయన తాగలేదు. పని ఉందట. ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరికి పని ఉంది?

అక్టోబర్ 6

రెండు గంటలకు బకెట్టు పంపడానికి నాకు మొహం చెల్లలేదు. రెడ్డెమ్మ పంపింది. కోసిన బంతి చెక్కలు నా ఒళ్లో ఉన్నాయి.

"గంగులూ" అని పైనుంచి బెన్.

"నీ తాత బంతి పోయింది బెన్. నా తప్పే. గట్టు మీద పెట్టినా."

బెన్ బకెట్టును కిటికీ లోపలికి తీసుకున్నాడు. తర్వాత, "నేను గోడకు చెవి పెట్టి అంతా విన్నాను. అరబ్బీ నాకూ వచ్చు. నువ్వు నేల మీద కూర్చున్నప్పుడు నాకు చప్పుడు వినపడింది" అన్నాడు.

"కూర్చుంటే చప్పుడేముంటుంది?"

"అందరూ మాట్లాడటం మానేశారు. ఆ చప్పుడు."

తర్వాత చెక్కలు పైకి పంపమన్నాడు. చూసి కిందికి పంపాడు. తాను కూడా ఎప్పుడూ ఆ బంతి లోపల చూడలేదట. పై దారం వాళ్ల నాన్న చుట్టింది. ఇంకా లోపల తాత చుట్టింది. నడిమిలో నల్లటి గడ్డ, చెట్టు పాలది. దాని మీద చింతగింజంత తోలు ముక్క, దాని మీద నాలుగు కుట్లు. రెండు సూదుల కుట్టు. సముద్రం అవతల ఆ మనిషికి మా నాయన కుట్టు ఎవరు నేర్పారు?

ఒకసారి వాళ్ల ఊరి జట్టు నేవీ జట్టును ఓడించిందట. ఆ రోజు ఆడిన బంతి ఇదే. నిన్న కోసింది దాన్నే.

అక్టోబర్ 7

కుడి చెప్పు విప్పాను.

అక్టోబర్ 10

బుల్లిరాజు పోయాడు. బస్సు దగ్గరికి పోయే ముందు గది తలుపు దాకా వచ్చి, లోపలికి రాకుండా, "మీ ఇద్దరి పేర్లు జాబితాలోంచి తీయించలేదండీ. ఎప్పుడంటే అప్పుడు వెళ్లచ్చండీ" అన్నాడు. చొక్కా గుండీ తిప్పుకుంటూ కాసేపు నిలబడ్డాడు. ఇంకేదో అంటాడనుకున్నాను. "ఉంటానండి" అన్నాడు. మంచివాడే. టీ మాత్రం తాగలేదు.

అక్టోబర్ 13

బూటు కుట్టించుకున్న సైనికుడు ఇంకో నలుగురిని తీసుకొచ్చాడు. అందరి బూట్లూ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఈ దేశాన్ని పట్టుకున్నవాళ్ల కాళ్లకు సరైన అడుగులు లేవు. కుట్టాను. గేటు దగ్గరే కూర్చుని కుట్టాను. బిల్డింగు లోపలికి ఎవడూ పోవడం లేదు. చెప్పులు కుట్టే ముసలాడి బిల్డింగని వదిలేస్తున్నారు.

పైన బెన్‌కు జలుబు. రెడ్డెమ్మ మిరియాల కషాయం పంపింది. తాగలేనని బకెట్టులో వెనక్కు పంపాడు. ఆమె మళ్లీ పైకి పంపింది. మూడుసార్లు ఎక్కి దిగింది బకెట్టు. నాలుగోసారి ఖాళీ గిన్నె దిగింది.

నవంబర్ 2

కుట్లు అరవై.

నవంబర్ 19

చలి. బెన్ తన దీవి పాట ఏదో పాడుతున్నాడు, మెల్లగా. నేను విననట్టు గిన్నెలు గట్టిగా తోమాను, బయటికి వినపడకుండా.

నవంబర్ 27

నూట ఎనిమిది. కుట్టడం మొదలుపెట్టక ముందే పాత నడిమి గడ్డను రెండు చెక్కలూ కలిపి కట్టాను. దాని మీద వాళ్ల తాత దారం, వాళ్ల నాన్న దారం, తెగిన కొనలు ఒక్కొక్కటీ ముడివేసి చుట్టాను. చాలకపోతే రెడ్డెమ్మ స్వెట్టరు మోచేతి దగ్గర విప్పి ఎర్ర ఊలు ఇచ్చింది. మీద ఒంటె తోలు. చివర మా నాయన ముడి.

ఈసారి గది లోపల, మంచం కింద ఆరబెట్టాను.

డిసెంబర్ 7. శుక్రవారం

విదేశీయులందరూ పోవచ్చని రేడియోలో చెప్పారు. బాషా చెబితే నమ్మలేదు. నేనే విన్నాను. రెండుసార్లు విన్నాను.

డిసెంబర్ 9

ఏడో నంబరు తాళం తీశాను. పిండి, దుమ్ము చేతికి అంటాయి. తలుపు తెరిస్తే బెన్ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని, నిలబడి ఉన్నాడు. అన్నాళ్లూ సందులోంచి తల మాత్రమే చూశాను. మనిషి సగమయ్యాడు. గడ్డం తెల్లబడింది. అతని వెనక గది అంతా చూశాను.

"మాస్టారి ఇంట్లో ఏమైనా పగలగొట్టావా?" అన్నాను.

"ఒక గ్లాసు" అన్నాడు.

తర్వాత అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నా చేతులకు మైనం, తోలు వాసన. లాక్కోబోయాను. వదల్లేదు. ఊపాడు. ఊరి పెద్ద వాళ్ల తాత చెయ్యి ఊపినట్టే కాబోలు.

కిందికి దిగాం. వాకిట్లో ఎండ కొత్తగా ఉన్నట్టు బెన్ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెడ్డెమ్మ అతన్ని చూసి, "అయ్యో బెన్నయ్యా, నా కూడంతా యాడ పోయిందబ్బా" అని మొదలుపెట్టింది. బంతి ఇచ్చాను. అతను తిప్పి తిప్పి చూశాడు. ముడి కోసం వెతికాడు. కనపడలేదు. నా వైపు చూసి తల ఊపాడు.

కంపెనీ కారు రావడానికి గంట టైముంది. బెన్ బాషా చేతికి చీపురు కర్ర ఇచ్చి గోడ దగ్గర నిలబెట్టాడు. తాను ఎదురుగా నిలబడి ఒక కాలు పైకెత్తి బంతి విసిరాడు. బాషా కళ్లు మూసుకుని కొట్టాడు. తగిలింది. ట్యాంకు పైపు మీదుగా ఎగిరింది.

"పరిగెత్తు!" అని అరిచాడు బెన్.

"యాడికన్నా?" అని బాషా నన్ను అడిగాడు, కర్ర చేతిలో పెట్టుకుని.

"నాకేం తెలుసు? పరిగెత్తు!" అన్నాను.

కొట్టు దాకా పరిగెత్తి మళ్లీ వచ్చాడు. రెడ్డెమ్మ కిటికీలు పగులుతాయని కేకలు. రోడ్డు అవతల నా బూటు సైనికుడు చప్పట్లు కొట్టాడు. బంతి దొర్లి నా కాళ్ల దగ్గరికి వచ్చింది. కుట్లు చూశాను. ఒక్కటి కూడా కదల్లేదు.

కారు వచ్చింది. బెన్ బంతి నా చేతిలో పెట్టాడు, నీ దగ్గర ఉంచుకో అని. వెనక్కు ఇచ్చేశాను.

"కుట్టినవాడు ఉంచుకోకూడదు. అది ఆడాల. మీ ఊళ్లో ఎవరైనా అడిగితే చెప్పు."

"ఏమని చెప్పాలి?"

"కడప జిల్లా, చెప్పులు కుట్టే గంగులయ్య కుట్టినాడని చెప్పు. నలుగురిలో చెప్పు."

డిసెంబర్ 12

వాకిలి ఊడ్చాను. బకెట్టు తాడు విప్పేశాను. రెడ్డెమ్మ మూడు ముద్దలు కెలికింది. ఒకటి మిగిలింది.

డిసెంబర్ 14. శుక్రవారం

సెప్టెంబర్ 21 పేజీ చదివాను. తాళాల కోసం, బిల్డింగు కోసం అని ఉంది. కొట్టేయలేదు. ఉండనీ. ఆ రోజు నాకు అంతే రాయడం వచ్చింది.

"ఇప్పుడన్నా పోదామా ఇంటికి?" అంది రెడ్డెమ్మ. బస్సు ఎల్లుండి ఉందట. మా పేర్లు ఇంకా ఉన్నాయట.

"పోదాం. తాళాలు బాషాకిచ్చి పోదాం."

ఆరె పెట్టెలో పెట్టబోయింది. వద్దన్నాను. తీసుకుని పోయి గేటు దగ్గర, దారం, మైనంతో పాటు పలక మీద పెట్టుకుని కూర్చున్నాను. బస్సుకు ఇంకా రెండు రోజులుంది.

కాసేపటికి బాషా కొట్టు మూసి వచ్చాడు, చెప్పులు చేతిలో పట్టుకుని, ఉత్త కాళ్లతో. రెండూ నా ముందు పెట్టాడు. తెగింది ఒకటే.

"రెండోది ఎందుకురా?" అన్నాను.

"అది కూడా చూడన్నా. పదిహేనేండ్ల బాకీ" అని నా పక్కన నేల మీద కూర్చుని, రెడ్డెమ్మను టీ అడిగాడు.